నీళ్ళు అడగడానికి సికింద్రాబాద్ దాకా

గోదావరి మా గుడిసెలకు కనిపించేంత దగ్గర. అయినా తాగే నీళ్ళు అడగడానికి మేము సికింద్రాబాద్ దాకా పోవాల్సి వచ్చింది. మీ బస్తీ నుంచి కూడా ఎవరో ఒకరు ఇలాంటి పని మీద పట్నం బయలుదేరక తప్పదు. నాలాగా ఏమీ తెలియకుండా పోవద్దని ఇది రాస్తున్నాను. నేను బదిలీ ఫిల్లర్‌ని. అంటే పర్మనెంటు మనిషి నాగా పెట్టిన రోజున నన్ను బొగ్గుబాయిలోకి దింపుతారు. తట్టా, చెమ్మస్ అనే పారా పట్టుకుని బొగ్గు ఎత్తి టబ్బులో పోయడం నా పని. బడికి పోలేదు. ఛాయ్ హోటల్లో పాత పేపర్లు ముందేసుకుని అక్షరాలు కూడబలుక్కున్నాను. తప్పులుంటే సరిచేసుకుని చదవండి, నాకు చెప్పడానికి మాత్రం రావద్దు.

సంగతి ఏమిటంటే, ఎండాకాలం మొదట్లో పైదేశం వాళ్ళు కొందరు జీపుల్లో మా వైపు వచ్చారు. మన దేశానికి సాయం చేసే దేశమట. దాని పేరు రాయను. రాసినా పత్రికవాళ్ళు కొట్టేస్తారు. కంపెనీ క్వార్టర్లకు నల్లాలున్నాయి. మా ఎర్రమట్టి బస్తీకి లేవు, మాకు టాంకరు వస్తుంది. వస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఆ దొరలు మా నీళ్ళ గోస చూడటానికే వస్తున్నారని బస్తీ అంతా అనుకుంది. అప్పుడు మేము చేసిన పని ఇంకెవరూ చేయరు. వాళ్ళు వస్తారని తెలిసిన రోజు నుంచి స్నానాలు మానేసి నీళ్ళు దాచాం. వచ్చే పొద్దున ఆ నీళ్ళలో పేడ కలిపి లైను లైనంతా సాన్పి చల్లి, ముగ్గులు పెట్టి, ప్రతి గడప ముందు నిండు బిందె, చెంబు పెట్టాం. జీపు దిగిన ప్రతి దొర బూట్ల మీద చెంబెడు నీళ్ళు పోశాం. ఇంటికి వచ్చిన మనిషికి కాళ్ళకు నీళ్ళివ్వాలి కదా! తడి వాకిళ్ళు, నిండు బిందెలు చూసి వాళ్ళు నవ్వుకుంటూ దండాలు పెట్టి పోయారు.

నాలుగు రోజుల తర్వాత కంపెనీ ఆఫీసు నుంచి మాట వచ్చింది. ఎర్రమట్టి బస్తీలో నీళ్ళ ఇబ్బంది కనిపించలేదని దొరలు అన్నారట.

ఇక అందరూ లచ్చక్క మీద పడ్డారు. లచ్చక్క మా పక్క గుడిసె. ఆమె భర్త రెండో షిఫ్టులో టబ్బులు తోసే ట్రామర్. మా లైనులో పెళ్ళయినా, కొట్లాటయినా ముందుండేది ఆమే. సాన్పి చల్లాలని, కాళ్ళకు నీళ్ళివ్వాలని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది కూడా ఆమే. ఇప్పుడు టాంకరు దగ్గర ఆమె బిందెను వెనక్కి జరుపుతున్నారు. "నీకెందుకే నీళ్ళు, నీ వాకిట్ల కాలువ పారుతాందంట గదా" అని ఒకతి అంటే మిగతా వాళ్ళు నవ్వుతారు. లచ్చక్క నోరున్న మనిషి. అట్లాంటి మనిషి మాట్లాడకుండా బిందె ఎత్తుకుని వెనక్కి పోయి నిలబడటం చూశాక నాకు అన్నం పోలేదు. దొరలు ఇంకో వారం సికింద్రాబాద్ గెస్ట్‌హౌస్‌లో ఉంటారని తెలిసింది. పోయి నిజం చెప్పి వద్దామనుకున్నాను. నిజం చెప్తే పని అవుతుందని అప్పుడు నాకు నమ్మకం.

ఇంగ్లీషు రావాలి కాబట్టి సామ్యేలు కాకను అడిగాను. బాయిలోకి దీపాలిచ్చే ల్యాంప్ రూంలో క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. తెల్ల మేనేజర్ల కాలం చూసిన మనిషి. ఆయనకు దగ్గు, నల్లకోటు, ఇంగ్లీషు మూడూ ఆ కాలం నుంచే ఉన్నాయి.

"వస్త గని ఓదెలూ, నువ్వు ఆడ లొల్లి పెట్టి ఒర్రద్దు" అన్నాడు.

"ఎందుకు ఒర్రుత కాకా, ఉన్నది ఉన్నట్టు చెప్త."

"నువ్వు ఉన్నది చెప్పినా ఒర్రినట్టే ఉంటది బిడ్డా."

గోదావరిఖని నుంచి రామగుండం స్టేషన్‌కు తెల్లవారగానే బస్సు ఉంటుంది. మొదటి షిఫ్టు వాళ్ళను దింపి ఖాళీగా వస్తుంది కాబట్టి సీటు దొరుకుతుంది. దాన్ని పోగొట్టుకుంటే తర్వాతి దానిలో మెట్ల మీద వేలాడాల్సిందే. స్టేషన్‌లో కాజీపేట ప్యాసింజర్ ఎక్కండి. ఎక్స్‌ప్రెస్ తొందరగా పోతుంది కానీ మనలాంటి వాళ్ళకు టికెట్టు బరువు. నాకు పోను రాను చార్జీలకే రెండు మస్టర్ల కూలి, అంటే రెండు రోజుల కష్టం పోయింది, డ్యూటీ నాగా వేరే. ఇంజను వైపు పెట్టెలు ఎక్కవద్దు, కళ్ళలో బొగ్గు నలుసులు పడతాయి. బాయిలో మింగింది చాలదా?

పెద్దపల్లి దాటాక ఎండ మొదలైంది. రైలు ప్రతి స్టేషన్‌లో ఆగింది, స్టేషన్ లేని చోట కూడా ఆగింది. ఓదెల రాగానే కాక నా భుజం తట్టి, "దిగుతవా? నీ ఊరచ్చింది, నీ పేరు పెట్టిన్రు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. దొరతో ఏం మాట్లాడాలో లోపల చదువుకుంటున్నాను. జమ్మికుంటలో పత్తి బస్తాలతో రైతులు ఎక్కి కాళ్ళు పెట్టుకోను సందు లేకుండా చేశారు. కాజీపేటలో దిగి సికింద్రాబాద్ బండి కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం తిన్నాం. కాక తినేముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. "ఏమడిగినవ్?" అంటే, "నీ నోరు కట్టెయ్యమని" అన్నాడు.

జనగామ, ఆలేరు, భువనగిరి గుట్ట, ఘట్‌కేసర్. ఈ దారిలో చూడటానికి రాళ్ళు బాగుంటాయని అంటారు. ఓపిక ఉన్నవాళ్ళు చూడండి. నాకు ముందురోజు రెండో షిఫ్టు చేసిన ఒళ్ళు నొప్పులు, కాజీపేట దాకా ముడుచుకున్న కాళ్ళ తిమ్మిరి మాత్రమే తెలిశాయి. పొద్దు గూకే వేళకు సికింద్రాబాద్‌లో దిగాం. కాక చెల్లెలు ఇల్లు చర్చి వెనక సందులో ఉంది, అక్కడ పడుకున్నాం. ఆమె వాకిట్లో నల్లా ఉంది. తిప్పగానే నీళ్ళు వచ్చాయి. నేను రెండుసార్లు తిప్పి చూసి కట్టేశాను.

తెల్లారి సైకిల్ రిక్షా మాట్లాడుకున్నాం. ముందే ధర చెప్పించుకోండి, దిగాక అయితే వాళ్ళు చెప్పిందే ధర. గెస్ట్‌హౌస్ అనగానే రిక్షా అన్న మమ్మల్ని పైనుంచి కిందికి చూశాడు.

"తెల్లోళ్ళు దిగిన దానికేనా? గేటు దాకా తీస్కపోత. లోపలికి రానిస్తరో లేదో నాకు తెల్వదు."

"ఎందుకు రానియ్యరన్నా?" అన్నాను.

"నిన్ను చూస్తే రానియ్యరు. తాత కోటు చూస్తే రానిస్తరు. నువ్వు తాతెనక జల్ది జొరబడు."

అట్లాగే అయింది. గేటు దగ్గర జవాను కాకకు సలాం కొట్టి నన్ను ఆపబోయాడు. కాక ఇంగ్లీషులో ఏదో అనేసరికి పక్కకు జరిగాడు.

వరండాలో పేముకుర్చీలో ఒక దొర కూర్చుని ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, ఎండకు ముక్కు కందిపోయి. ఆయనే ఆ గుంపుకు పెద్దట. మా కంటే అలిసిపోయినట్టు కనిపించాడు. నన్ను గుర్తుపట్టలేదు కానీ బస్తీ పేరు చెప్పగానే నవ్వి తన బూట్లు చూపించాడు.

"కాళ్ళు కడిగిన ఊరా అంటాండు" అన్నాడు కాక.

"ఆ నవ్వుడు బంద్ చెయ్యమను కాకా. అవి మేం తాగే నీళ్ళని చెప్పు. తానాలు బంద్ చేసి దాసినమని చెప్పు."

కాక చెప్పాడు. దొర నవ్వు ఆగిపోయింది. చేతిలో కప్పు కింద పెట్టాడు. అంత అవసరమైన నీళ్ళను ఎందుకు పారబోశారని అడిగాడు. దానికి నేనేం చెప్పాలి? ఇంటి గడపలోకి వచ్చిన మనిషికి చెంబెడు నీళ్ళివ్వకపోతే అది ఇల్లా, పశువుల కొట్టమా? అదే మాట చెప్పమన్నాను. కాక చెప్పాడు. దొర చాలాసేపు గడ్డం రుద్దుకుని, తర్వాత ఆగకుండా మాట్లాడటం మొదలుపెట్టాడు. కాక వింటూ తల ఊపుతున్నాడు. నాకు తల ఊపే మనుషులంటే మంట.

"ఏమంటాండు?"

"ఆగు. వాళ్ళ దేశంల పెద్దసభ ఉంటదట. ఏ దేశానికి ఏమియ్యాలె, ఏది ముందు ఏది ఎనుక అని అండ్లనే అనుకుంటరట. ఇంతకుముందున్న సర్కారు నీళ్ళను ముందల పెట్టిందట. ఇప్పుడచ్చిన సర్కారు పని నేర్పుడును ముందల పెట్టిందట. ఈసారి మనకు నీళ్ళకు పైసలు లేవట."

"పని నేర్పుడా? నాకు పని రాదని వానికెవడు చెప్పిండు?"

"నీ పని గాదురా. మిషిన్ల పని. వాళ్ళ దేశంల చేసే మిషిన్లు. బాయిల బొగ్గెత్తే మిషిన్లు."

 నేను ఒక్కటే అడగమన్నాను. మా వాకిళ్ళు ఎండిపోయి, బిందెలు బోర్లించి ఉండి, పిల్లలు నాలుకలు బయటపెట్టి నిలబడి ఉంటే నీళ్ళు ఇచ్చేవాడా అని. కాక అడిగాడు. దొర నేరుగా నా మొహంలోకి చూసి తల అడ్డంగా ఊపాడు. దానికి కాక అవసరం పడలేదు.

"మరి చూడనీకె ఎందుకచ్చిన్రు?" అన్నాను.

"మిషిన్ పని నేర్పే షెడ్డు ఎక్కడ ఎయ్యాలెనో చూడనీకె వచ్చినమంటాండు. బిచ్చం ఏసెటోళ్ళం కాదు, మీతోని పొత్తు పెట్టుకునెటోళ్ళం అంటాండు."

ఆ మాటతో నాకు పట్టరాని కోపం వచ్చింది. పొత్తు అంటే నాకు తెలుసు. బాయికి రాకముందు మా నాయన ఇద్దరితో కలిసి పొత్తుల ఎవుసం చేశాడు. ఒకరిది భూమి, ఒకరివి ఎడ్లు, ఒకరిది రెక్కల కష్టం. కానీ ముగ్గురూ గట్టు మీద కూర్చుని ఈసారి మక్క వేద్దామా, జొన్న వేద్దామా అని కొట్లాడి కొట్లాడి ఒక మాటకు వచ్చాక నాగలి కట్టేవాళ్ళు. ఎడ్లున్నోడు ఇంట్లో కూర్చుని ఏ పంట వేయాలో తేల్చుకుని, గింజలు కూడా తన దగ్గరే కొనాలని చెప్పి, ఆ తర్వాత చేను చూడటానికి వస్తే దాన్ని మా ఊళ్ళో పొత్తు అనరు. ఇదంతా చెప్పమన్నాను. ఒర్రవద్దన్నాడు కాబట్టి పళ్ళు బిగబట్టుకుని చెప్పాను. కాక చెప్పింది నేను చెప్పినంత పొడుగు లేదు.

అయినా దొర అర్థం చేసుకున్నాడు. ఆ సంగతి ఆయన మొహంలో కనిపించింది. "నువ్వన్నది కరెక్టే, నేను గూడ వాళ్ళకు జవాబు చెప్పుకోవాలె అంటాండు" అని కాక చెప్పాడు. దొర ముందుకు వంగి మరో మాట అన్నాడు. మా బస్తీ పక్కన ఖాళీ జాగా ఉంది. జనం కట్టుగా, శుభ్రంగా ఉన్నారు. ఆ రోజు లైనంతా ఒక్క చేత్తో చేసినట్టు కనిపించింది. షెడ్డు అక్కడ వేయవచ్చు. అయితే అదే మా మొదటి అవసరమని మా నోటితో మేము చెప్పాలి. చెప్తేనే ఆయన వాళ్ళ దేశంలో ఒప్పించగలడు.

"మా మొదటి అవుసరం నీళ్ళు. రెండోది నీళ్ళు" అన్నాను. "బొగ్గెత్తే మిషినొస్తే నా చెమ్మస్ ఏం చెయ్యాలె, వీపు గోక్కోవాలెనా? మాకద్దు. గిదే మాట, ఒక్క ముక్క తగ్గకుంట చెప్పు కాకా."

కాక దగ్గి గొంతు సవరించుకుని చాలాసేపు చెప్పాడు. దొర మొహం విప్పారింది. లేచి వచ్చి ముందు కాక చెయ్యి, తర్వాత నా చెయ్యి పట్టుకుని ఊపాడు. వద్దన్న మనిషిని కూడా మర్యాద చేసి పంపే జాతి అనుకుని నేను కూడా గట్టిగా ఊపాను.

గేటు దాటి చింతచెట్ల నీడ దాకా వచ్చాక అడిగాను. "వద్దంటే గంత ఖుషీ ఎందుకైండు?"

"వద్దని చెప్తే గద."

"ఏం చెప్పినవ్ కాకా?"

"షెడ్డే మా మొదటి అవుసరమని చెప్పిన. పోరలు మిషిన్ పని నేర్చుకోనీకె ఎదురుచూస్తాన్రని చెప్పిన."

నేను ఆయన కోటు కాలరు పట్టుకున్నాను. ఎందుకు దాచాలి, పట్టుకున్నాను. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. కాక నా చెయ్యి తీసేయలేదు.

"ఇడువు, కోటు శినుగుతది. ఇగ ఇను. షెడ్డు కట్టాలంటే ఏం కావాలె? సిమెంటు కలపాలె. గోడలు దినాం తడపాలె. టాంకరు నీళ్ళతోని అయితదా? పైపు గుంజుకొస్తరు. కట్టుడైనంక షెడ్డు వాళ్ళది. పైపు ఏడికి పోతది?"

"మరి నా పని?"

"నువ్వద్దంటే మిషిన్ ఆగుతదా? మనకాడ వద్దంటే షెడ్డు శ్రీరాంపూర్‌ల ఏస్తరు. మిషిన్ మాత్రం నీ బాయిలకే వస్తది. పైపు ఆళ్ళకు, మిషిన్ నీకు. గట్ల బాగుంటదా?"

తిరుగు ప్రయాణం గురించి రాయడానికి ఏమీ లేదు. వచ్చిన దారే. సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం బండి పట్టుకుంటే కాజీపేటలో రామగుండం వైపు ప్యాసింజర్ దొరుకుతుంది. కానీ అది ఎప్పుడొస్తుందో స్టేషన్ మాస్టర్‌కు కూడా తెలియదు. జనగామ దాకా నేను కాకతో మాట్లాడలేదు. అక్కడ ఆయనకు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. కిటికీ పక్క నా సీటు ఇచ్చి ఎదురుగా నిలబడ్డాను. అంతకు మించి రాజీ పడలేదు. ఒళ్ళు అలిసిన అలసట పడుకుంటే పోతుంది. ఇది అట్లాంటిది కాదు. నిజం చెప్పడానికి కూలి పోగొట్టుకుని అంత దూరం పోయి, నా నోటితో నేను చెప్పని మాట అమ్మి వచ్చాం.

బస్తీకి చేరేసరికి లచ్చక్క గుడిసె ముందు బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ముందు ఆమెకు కావాల్సిన మాట చెప్పాను. "అక్కా, నీళ్ళు నీ సాన్పి వల్ల పోలేదు. వాకిళ్ళు ఎండి ఉన్నా ఇయ్యకపోదురట. వాళ్ళ దేశంల ముందే అనుకున్నరట. ఇగ నిన్ను ఎవరూ ఏమనరు."

ఆమె గుండె తేలికపడుతుందనుకున్నాను. ఆమె చేటలో చెయ్యి ఆపి నన్ను చూసింది.

"అంటే నేను మంచిగ చేసినా గంతే, చెడగొట్టినా గంతేనా?"

"గంతే అక్కా."

"గిన్ని దినాలు తిట్లు పడ్డ. నేను ఏదో చేసిన అనుకొని అన్న ఓర్సుకున్న. ఇప్పుడు ఏం చెయ్యలేదంటవ్." చేట పక్కన పెట్టింది. "నన్ను తిట్టినోళ్ళకు గీ ముచ్చట నువ్వే చెప్పు. నాకు చెప్పబుద్ధయితలేదు."

టాంకరు దగ్గర నేనే నిలబడి చెప్పాను. మొదట నమ్మలేదు. నాలుగుసార్లు చెప్పాక నమ్మారు. ఎవరూ లచ్చక్కకు తప్పయిందని చెప్పలేదు. ఆమె బిందెను మాత్రం వెనక్కి జరపడం మానేశారు. షెడ్డు సంగతి, కాక లెక్క కూడా చెప్పాను. నా వయసు ఫిల్లర్లు నన్ను తిట్టారు, వాళ్ళు తిట్టడంలో తప్పు లేదు. లచ్చక్క ఒక్కటే అడిగింది. "పైపు ఏ దిక్కు నుంచి వస్తది?"

ఇది రాసే నాటికి వానలు పడ్డాయి. ఇద్దరు మనుషులు వచ్చి గొలుసుతో ఖాళీ జాగా కొలిచారు. దవాఖాన దగ్గర కంపెనీ లైను నుంచి మా బస్తీ దాకా కందకం తవ్వారు. దాని పక్కన ఇనుప పైపులు దించి పోయారు. చాలారోజులుగా అట్లాగే పడి ఉన్నాయి. పైపుల్లో నీళ్ళు ముందు వస్తాయా, బాయిలోకి మిషన్ ముందు వస్తుందా అని ఛాయ్ హోటల్లో పందాలు కాస్తున్నారు. నేను పోయి చెప్పిన నిజంతో ఒక్క బిందె నిండలేదు. కాక చెప్పిన అబద్ధానికి పైపులైనా వచ్చాయి. అందుకు నాకు సంతోషంగా లేదు, ఇంకా కోపంగానే ఉంది. కాక మీద కాదు. దాహమేసిన మనిషి దాహమని చెప్తే ఇవ్వని చెయ్యి, ఇంకేదో కావాలని చెప్తే ఇస్తుంది. అట్లా అడిగించుకునే దాన్ని వాళ్ళు ఏ పేరుతో అయినా పిలవనీ. మాతో కలిసి గట్టు మీద కూర్చునే రోజు వచ్చేదాకా నేను మాత్రం పొత్తు అనను.

పోయేవాళ్ళకు ఒక్క మాట. మీకేం కావాలో చెప్పడానికి నోరు తెరవకముందే, ఈ ఏడాది వాళ్ళు ఏమివ్వాలనుకుని వచ్చారో అడిగి తెలుసుకోండి. ఆ తర్వాత బయటికి వచ్చి, చెట్టు కింద కూర్చుని, మీ వెంట వచ్చిన ఇంగ్లీషు పెద్దమనిషితో ముందే కొట్లాడుకుని ఒక మాటకు వచ్చి, అప్పుడు మళ్ళీ లోపలికి పోండి.